తొందరపడే ఎడమచెయ్యి

మంచుముక్కల్లోంచి చేపను తీసి, తోక తనవైపు వచ్చేలా పళ్లెంలో పరిచి, పక్కన ఇంకొకటి సర్దేసరికి ఆమె వేళ్లు మళ్లీ మొద్దుబారాయి. రబ్బరు తొడుగులు తడిని ఆపుతాయి గాని చలిని ఆపవు. నిండిన పళ్లాన్ని ముందుకు తోసి, ఇంకోటి వచ్చేలోపు దొరికే ఆ కాస్త తీరికలో బల్ల అంచు మీద ఎడమచేతి వేళ్లు ఆడించింది. చిటికెనవేలు, మధ్యవేలు, బొటనవేలు, మళ్లీ వెనక్కి.

"మొదలెట్టావా పియానమ్మా?" ఎదురుగా నిలబడి పొలుసు గీకుతున్న పొడుగావిడ నవ్వింది. "చేపలకు జోల పాడుతున్నావా? అవి ఎప్పుడో పడుకున్నాయి తల్లీ!"

బల్ల చుట్టూ ఆడవాళ్లు నవ్వారు. ఆమె కూడా నవ్వింది. పొడుగావిడ ఎగతాళికి పెట్టిన ఆ పేరు, ఏళ్ల తరబడి నలిగి నలిగి మామూలు పేరై కూర్చుంది.

"రేపేనా మీ అత్తగారి ప్రయాణం?"

"రేపు పొద్దున్నే. మా ఆడపడుచు కారు తెచ్చి తనింటికి తీసుకెళ్తుంది."

"పోనీలే, నీకూ కాస్త ఊపిరాడుతుంది."

పళ్లెం వచ్చింది. చేప తీసి, తోక తనవైపు తిప్పుకుంది.

భోజనాల వేళ సూపర్‌వైజరు గది ముందు నిలబడి, ఇవాళ కాస్త ముందుగా వెళ్లనా అండీ అని అడిగింది. ఆయన కాగితాల్లోంచి తలెత్తలేదు. "పడవలన్నీ ఇవాళే వచ్చిపడ్డాయి. రేపు వెళ్దువుగానిలే."

"రేపటికి అవసరం ఉండదండీ," అంది. ఆ మాట తనకే వినిపించనంత నెమ్మదిగా వచ్చింది.

సాయంత్రం బస్సులో ఆమె పక్క సీటు ఎప్పటిలాగే ఖాళీగా ఉండిపోయింది. ఎంత సబ్బు రుద్దినా జుట్టులోంచి చేపల వాసన పోదు. కిటికీ అద్దం మీద వాన చారలు కడుతోంది. ఒళ్లోని సంచి మీద ఆమె ఎడమచెయ్యి మళ్లీ కదలడం మొదలుపెట్టింది.

ఈ ఇంటికి కోడలిగా వచ్చిన కొత్తలో పియానో అంటే ఆమెకు దుమ్ము తుడవాల్సిన పెద్ద పెట్టె. అత్తగారు ఆడపిల్లల బడిలో పియానో టీచరు. కొడుక్కి, ఈమె భర్తకి, చిన్నప్పుడే నేర్పింది. అతను నేర్చుకున్నట్టే నేర్చుకుని లారీ ఎక్కాడు. తర్వాత లారీతో పాటే ఎక్కడో ఇంకో ఇల్లు చూసుకుని తిరిగి రాలేదు. కొన్నాళ్లు అత్తాకోడళ్లిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా తిన్నారు. పుట్టింటికి వెళ్లిపొమ్మని ఆవిడ అనలేదు. వెళ్తానని ఈమె అనలేదు. అప్పటికే ఆవిడ వేళ్లు కీళ్లవాతంతో కొంకర్లు పోయాయి. పియానో మూత పడింది. ఒకరోజు దుమ్ము తుడుస్తుంటే గుడ్డ కింద ఒక మీట మోగింది. లోపలి గదిలోంచి మాట వినిపించింది: "దాని పక్కది కూడా నొక్కు."

అలా మొదలైంది. చిన్నపిల్లల పాటలు, వేళ్ల కసరత్తులు, తిట్లు. అవన్నీ అయ్యాక, ఆవిడ బీరువాలోంచి అట్ట ఊడిపోయిన ఒక పియానో పాట కాగితాలు తీసింది. వందేళ్ల కిందటి ఎవరో ముసలి స్వరకర్త, తనవాళ్లందరూ పోయాక రాసుకున్నదట. పెద్ద చేతులవాళ్లకోసం రాసింది. కాగితం మీద స్వరాలు చీమల బారుల్లా ఉన్నాయి. మొదట్లో ఆమెకు అది బొత్తిగా నచ్చలేదు.

"ఇదేం పాట అత్తయ్యా, ఎక్కడా ఆగి చావదు?"

"ఆగడానికి చోటు వెతుక్కుంటోందే అది. నువ్వు తోయకు. దాని వెనకాల నడువు."

పైన వినిపించేది అసలు రాగం కాదని, అది నడిమధ్యన రెండు బొటనవేళ్ల కింద దాక్కుని ఉంటుందని తెలియడానికే ఒక చలికాలం పట్టింది. తెలిశాక మాత్రం అది ఆమెను వదల్లేదు. చేపల బల్ల దగ్గర, బస్సులో, అన్నం వార్చేటప్పుడు, ఆ రాగం లోపల్లోపల నడుస్తూనే ఉండేది. తన చిన్న చెయ్యి అందని చోట స్వరాలను కలిపి కొట్టకుండా కింది నుంచి పైకి ఒక్కొక్కటిగా విరిచి వాయించడం అత్తగారే నేర్పింది. ఆ పాటను ఆవిడ జీవితమంతా సాధన చేసి కూడా ఏ సభలోనూ వాయించలేదు. ఎందుకని అడిగితే, "చివరి పేజీ నాకు నచ్చినట్టు రాలేదు," అంది.

ఇంటికి వచ్చేసరికి పక్కింటి పిన్నిగారు గుమ్మంలోనే ఎదురైంది. పగలంతా అత్తగారి దగ్గర కూర్చునేది ఆవిడే. "ముద్ద ముట్టలేదమ్మా. రెండు గుక్కలు పాలు తాగారు, అంతే. ఊపిరి కూడా బరువుగా తీస్తున్నారు. డాక్టర్ని పిలుస్తానంటే కసిరేశారు."

అత్తగారు మంచం పక్కన కుర్చీలో దుప్పటి కప్పుకుని, ఒళ్లోని దూది తలగడ మీద చేతులు ఆనించుకుని ఉంది. పడుకుంటే ఊపిరాడదు. మొహం చిన్నదైపోయింది గాని కళ్లలో పంతులమ్మ పోలేదు.

"చేతులు కడిగావా? మీటలకు చేప వాసన పట్టించావు. వీధిలో పిల్లులన్నీ ఇటే చూస్తున్నాయట."

"కడుగుతున్నా అత్తయ్యా." పళ్లెంలో వేడినీళ్లు పోసుకుని వేళ్లు ముంచింది. నెత్తురు తిరిగి వస్తుంటే సూదులు గుచ్చినట్టయింది. "ఇవాళ మొత్తం వాయిస్తాను."

"చివరి పేజీ వచ్చిందా ఏంటి?"

"రాలేదు. అయినా వాయిస్తాను."

"రాకుండా వాయించడానికి నేనెందుకే నీకు?" ఆవిడకు దగ్గు వచ్చింది. తగ్గాక, "తలుపు తెరిచి ఉంచు," అంది.

ఆమె ముందుగదిలో పియానో ముందు కూర్చుంది. మొదటి స్వరాలు చాలా తగ్గించి మొదలుపెట్టింది. ఎడమచెయ్యి ఊయలలా ఊగింది. మధ్యలో రాగం తల ఎత్తింది. మొదటి పేజీ చివర, విరిచి వాయించే చోట కింది స్వరం నిలిచి ఉండగానే పైది దాని మీద వచ్చి వాలింది. లోపలి గదిలోంచి "ఊఁ" అని వినిపించింది.

ఇన్నేళ్లలో ఆవిడ నోటినుంచి అంతకంటే పెద్ద మెప్పు రాలేదు.

నడిమి భాగం వచ్చింది. రెండు చేతులూ విడిపోయి, మీటల మీద నుంచి కిందికి దొర్లుకుంటూ వచ్చే చోటు. ఆమె ఎడమచెయ్యి ఎప్పుడూ అక్కడే పరుగెత్తేది. "నిన్నెవరే తరుముతున్నది?" అని లోపలి నుంచి కేక వచ్చేది. ఆ కేక విని విని, వేళ్లు దానికోసమే అక్కడ తడబడేవేమో. ఇవాళ కూడా చెయ్యి పరుగెత్తింది. ఒకటి కాదు, రెండు స్వరాలు మింగేసింది.

కేక రాలేదు.

అప్పుడే తెలిసిపోయింది ఆమెకు. లేవాలనుకుంది. చేతులు లేవలేదు. ఆపితే, ఆ ఆపినచోటే అంతా నిజమైపోతుందని భయం వేసింది. తప్పిన వరుసనే మళ్లీ మొదటి నుంచి అందుకుని, ఈసారి నెమ్మదిగా, ఒక్కొక్క స్వరాన్నీ చేత్తో పట్టుకుని దించినట్టు వాయించింది. మొదటి రాగం అలసిపోయి తిరిగి వచ్చింది. చివరి పేజీ తిప్పింది. అక్కడ చాలా స్వరాలు తప్పాయి, కొన్ని అసలు మోగలేదు. కళ్లు మసకబారి చీమల బారులు చెదిరిపోయాయి. అయినా వెతుక్కుంటూ వెళ్లి, ఆఖరి స్వరాన్ని నొక్కి, అది పూర్తిగా ఆరిపోయేదాకా మీట మీద నుంచి వేలు తీయలేదు.

తర్వాత లేచి లోపలికి వెళ్లింది.

ఆడపడుచు అనుకున్నట్టే పొద్దున్నే కారులో వచ్చింది. తల్లి కోసం తెచ్చిన కొత్త శాలువా చేతిలోనే ఉండిపోయింది. ఏడ్చింది, మళ్లీ లేచి జరగాల్సిన పనులన్నీ చూసింది. అందరూ వచ్చారు, తీసుకెళ్లారు. అంతా అయ్యాక వంటగదిలో నిలబడి అడిగింది: "చివర్లో ఏమన్నా అందా వదినా?"

"'ఊఁ' అంది."

"అంతేనా?"

"అంతే."

ఆడపడుచు వెళ్లిపోయాక ఆమె లోపలి గది ఊడవడానికి చీపురు పట్టుకుని వెళ్లి, గుమ్మంలోనే ఆగిపోయింది. నిన్న సాయంత్రం ఆవిడ కొంకర్ల చేతుల కింద నుంచి తానే తీసి మంచం మీద పెట్టిన దూది తలగడ, ఎవరూ దులపకుండా, అలాగే ఉంది. దాని మీద ఒక పక్కన దగ్గర దగ్గరగా నాలుగు చిన్న గుంటలు, వాటికి చాలా దూరంలో, తన చేతికి ఎన్నడూ అందనంత దూరంలో, ఆవిడ బొటనవేలు నొక్కిన గుంట.