మూడు గోడల మీద ఒకే ఫోటో

ఆరిన బట్టలు మడతపెడుతుంటే పక్కగదిలోంచి భర్త మాట వినిపించింది. ఫోన్లో చెల్లెలితో చెబుతున్నాడు: “మా ఇంట్లో పనంతా ఇద్దరం కలిసే చేసుకుంటాం.” ఆయన మేజోళ్ళు జత కలుపుతున్న ఆమె చేతులు ఆగాయి. కోపం రాలేదు, నవ్వొచ్చింది. ఇలాంటి మాటే ఇన్నాళ్ళూ ఆఫీసులో తనూ చెబుతోంది మరి.

కొత్తగా వ్యాపారం పెట్టేవాళ్ళకు చేయూతనిచ్చే సంస్థలో ఆమె ఉద్యోగం. ఊళ్ళో అలాంటివి ఇంకో రెండున్నాయి. చంటిపిల్లలకు మడత ఉయ్యాలలు చేసే అమ్మాయి ఫోటో మూడు ఆఫీసుల గోడల మీదా వేలాడుతోంది, ‘మా చేతిలో ఎదిగిన వ్యాపారం’ అని. రేపటి ఉమ్మడి మీటింగుకి పిలుద్దామని మధ్యాహ్నం ఫోన్ చేస్తే ఆ అమ్మాయి తాపీగా అంది: “షాపు మూసేశాను మేడమ్. ఉయ్యాల ఎంత బరువు ఆపుతుందో పరీక్షించే ల్యాబులో మాట్లాడి పెట్టమని మీ ముగ్గురినీ అడిగాను. ముగ్గురూ సరేనన్నారు, ఒక్కరూ మాట్లాడలేదు. పరీక్ష చేయించని ఉయ్యాల ఎవరు కొంటారు? మీలో ఎవరిని నమ్ముకోవాలో ముందే తెలిసుంటే బాగుండేది.”

ఆ చివరి మాట ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. డైరెక్టరుకి చెబితే, “రేపు ఆ ఊసెత్తకమ్మా. నిధులిచ్చే పెద్దాయన వస్తున్నాడు, పరువు పోతుంది. ఫోటో చూపించి నవ్వుతూ కూర్చో,” అన్నాడు. నవ్వుతూ కూర్చోవడం ఆమెకు కొత్తేం కాదు. పెళ్ళయిన కొత్తలో అత్తగారు మెచ్చుకున్నది ఆ గుణాన్నే: “మా కోడలి నోట్లో నాలుకే లేదు.” ఉద్యోగం పోతే పోనీ అనుకునేంత తెగువ ఆమెకు లేదు. కానీ ఆ షాపు మళ్ళీ తెరుచుకోవాలంటే ఎవరో ఒకరు నోరు విప్పాలి.

మర్నాడు ఆమె ఆఫీసులోనే మీటింగు. తన వంతు రాగానే గోడ మీది ఫోటో చూపించి, “ఈ షాపు మూతపడింది,” అంది. “ల్యాబు పరీక్ష సంగతి పక్కవాళ్ళు చూసుకుంటారులే అని మేం ఊరుకున్నాం.” డైరెక్టరు మొహం మాడిపోయింది. రెండో సంస్థ పెద్దావిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, “మేమూ అంతే,” అంది. మూడో సంస్థ ఆయన తలూపాడు. నిధులిచ్చే పెద్దాయన మాత్రం, “మరి ఇప్పుడెవరు చూసుకుంటారు?” అని అడిగాడు.

“నేను,” అందామె. అన్నాక ప్రాణం తేలికపడింది. అక్కణ్ణుంచే ల్యాబుకి ఫోన్ చేస్తే సోమవారం ఉయ్యాల తీసుకురమ్మన్నారు.

ఆ హుషారుతోనే ఇంటికొచ్చి సోఫాలో చేరగిలబడింది. ఆడపడుచు వచ్చి ఉంది, టీ కోసం స్టవ్ మీద పాలు కూడా పెట్టేసింది. “మాకేం, పనంతా ఇద్దరం కలిసే...” అని మళ్ళీ మొదలెట్టాడు భర్త.

“అందులో మీరు చూసుకునేది ఏదండీ?” అని అడిగిందామె, నిజంగా తెలుసుకోవాలనే.

ఆయన ఇల్లంతా కలియజూశాడు. ఆడపడుచు నవ్వాపుకుంటోంది. చివరికి వంటింటి వైపు చూసి, “పాలు పొంగుతున్నాయి,” అన్నాడు, చెప్పడంతో తన పని అయిపోయినట్టు.

“మీరే చూశారుగా,” అంది ఆమె, హాయిగా కాళ్ళు చాపుకుంటూ. “మీరే ఆపండి.”