గజానికి అంగుళం

పెళ్లయి మూడు నెలలైనా కొత్తకోడలు పడుకునేది అత్తగారి పక్కనే. ఆవిడ కొడుకు పడక ముందుగదిలో, బట్టలు కత్తిరించే బల్ల కింద. రోజూ పొద్దున్నే తలనిండా దారప్పోగులతో లేచి వచ్చేవాడు. ఎర్రపోగులుంటే మామగారు నిన్న ఎర్ర జాకెట్లు కుట్టారని ఆమెకు తెలిసిపోయేది. ఆ ఇంట్లో భార్యాభర్తలు నోరారా మాట్లాడుకునే చోటు ఒక్కటే: బట్టలారేసే డాబా. పాపం, ఆ మూడు నెలల్లో కొన్ని దుప్పట్లు మాసిపోకుండానే ఉతుకులకు చివికిపోయాయి.

అలాంటిది, దర్జీ మామగారు ఒకనాడు కాఫీ గ్లాసు దించి, "డాబా మీద గది వేసేద్దాం. పద అమ్మాయ్, కొలతలు తీసుకుందాం" అన్నారు. కోడలి కాళ్లు మెట్ల మీద ఆగితే ఒట్టు.

ఆయన మెడలో టేపుంది, చెవి మీద సుద్దముక్క ఉంది. ముప్పై ఏళ్లుగా ఊరందరి నడుములూ భుజాలూ కొలిచిన మనిషి. టేపు కొస ఆమె పట్టుకుంది. టేపు పొడవు అరవై అంగుళాలే కదా, అది అయిపోయిన ప్రతిచోటా ఆయన సుద్దగీత గీసి, "అతుక్కి రెండంగుళాలు కలుపు" అన్నారు. ఆమె కలిపింది. పిట్టగోడ చివరికొచ్చాక, "అటొక రెండు, ఇటొక రెండు. లోపల వదలకపోతే ఎలా?" అన్నారు. కలిపింది. చివర్న ఆకాశం వైపు చూసి, "మొదటి వానకే కుంచించుకుపోతుంది. గజానికి అంగుళం వేసుకో" అన్నారు. అదీ కలిపి చీటీ మీద వేసింది. గది అన్న మాట చెవిన పడ్డాక ఆమె ఏం కలపమన్నా కలిపేలా ఉంది.

సాయంత్రం మేస్త్రీ వచ్చాడు. ఈ ఇల్లు కట్టింది అతని తండ్రే. "పైకెక్కి కొలుచుకుంటావా?" అని దర్జీ అడిగితే, "నీ టేపు మీద నాకు అనుమానమా బావా! నా పెళ్లి కోటు ఇప్పటికీ పడుతుంది" అని చీటీ చూసే లెక్క కట్టేశాడు. ఇటుకలు రెండు వేల ఎనిమిది వందలు. సిమెంటు, ఇసుక, కూలీ, కప్పు అన్నీ కలిపి ఒక అంకె చెప్పాడు.

అత్తగారు బీరువాలోంచి డబ్బుల డబ్బాలు దించి రెండుసార్లు లెక్కపెట్టింది. చాలలేదు.

"అయితే వచ్చే ఏడాది చూద్దాం. అంతవరకు బల్ల ఉందిగా" అన్నారు మామగారు. కొడుకు బల్ల వంక చూశాడు. ఆ చూపు చూస్తే బల్లకే జాలేసేది.

కోడలు గిన్నెలు తీసే వంకతో లోపలికి వెళ్లి, దేవుడి పటం ముందు నిలబడింది. 'స్వామీ, నేను మేడలడగలేదు. ఒక తలుపు, దానికో గడియ. ఇదీ అత్యాశేనా?' పటంలోని స్వామి ఎప్పటిలాగే నవ్వుతున్నాడు. అయినా ఏదో లోపల గుచ్చింది. తడిస్తే గుడ్డ కుంచించుకుపోతుంది గానీ, గోడలు కుంచించుకుపోవడమేమిటి?

పెద్దాయన తప్పు పదిమందిలో ఎలా ఎత్తి చూపుతుంది? చూపకపోతే ఏడాది. ఏడాది అనుకోగానే కాళ్లు వాటంతటవే ముందుగదిలోకి నడిచాయి.

"మేస్త్రీగారూ, నాకు తెలియకడుగుతాను. ఇటుకలు వానకు కుంచించుకుపోతాయా?"

"ఏ ఇటుకలమ్మా?"

"ఏవైనా. గజానికి అంగుళం చొప్పున."

మేస్త్రీ చీటీ వంక, దర్జీ మెడలోని టేపు వంక మార్చి మార్చి చూశాడు. "బావా! గోడకు కుట్లు వేశావా?"

"అరవై అంగుళాల టేపుకు అతుకులుండవటరా?" అని దర్జీ బింకంగా అని, తన మాట తనకే వినబడి మెడలోని టేపు తడుముకున్నారు. ముందు అత్తగారు పమిట నోట్లో కుక్కుకుంది. తర్వాత మేస్త్రీ గోడకు జారబడ్డాడు. ఆఖరికి దర్జీ కళ్లలోనూ నీళ్లొచ్చాయి. "అక్కా, కట్టుంటే ఈ గది కింది ఇంటికంటే అడుగున్నర పొడుగయ్యేది, వీధిలోకి!" అన్నాడు మేస్త్రీ పొట్ట పట్టుకుని.

అందరూ డాబా ఎక్కారు. మేస్త్రీ తన తాడుతో కొలిచాడు. రెండు వేల నాలుగు వందల ఇటుకలు. డబ్బాల్లో ఉన్నది సరిపోయి, తలుపు గడియకు కూడా మిగిలింది.

దర్జీకి ఇంకా మనసొప్పలేదు. "అంగుళమైనా లోపల వదలకుండా ఎలారా? రేపు మనుషులు పెరిగితే?"

కోడలు బట్టలారేసే తీగను అత్యవసరంగా సవరించసాగింది.

మేస్త్రీ డాబా మూలల్లో పైకి నిక్కి ఉన్న తుప్పు ఇనుప చువ్వలు చూపించాడు. "ఇవేమిటనుకున్నావు? మా నాన్న ఆనాడే వదిలిపెట్టిన గుడ్డ. ఇప్పుడు కుట్లు విప్పుకుంటున్నాం, అంతే. నీ మనవల కోసం నేనూ పైన నాలుగు చువ్వలు వదులుతాను."

ఆ మాటకు దర్జీ నెమ్మదించి, సుద్దముక్కతో డాబా మీద గది గీశారు. గోడలు, కిటికీ, తలుపు. అందరూ దిగిపోయాక కోడలు గీతల మధ్య ఒక్కతే నిలబడింది. ఇంతలో మొగుడు తల దులుపుకుంటూ మెట్లెక్కి, తిన్నగా ఆమె వైపు నడిచాడు.

"ఆగండాగండి! అది గోడ!" అందామె. "తలుపు ఇటుంది."

అతను వెనక్కి వెళ్లి, చుట్టూ తిరిగి, గాలిలో గడియ తట్టాడు.