మీ ఒక్కరికే

సూపర్ మార్కెట్ తలుపు తీయగానే చల్లగాలి మొహానికి తగిలి పెద్దకోడలికి ఏడుపొచ్చినంత పనైంది. పొద్దుటినుంచి ఎండలో కొట్టు కొట్టూ తిరిగింది. దారిలో చెప్పు తెగితే పిన్నీసు పెట్టి బిగించుకుంది. ఇంత తిరిగిందీ ఈస్టు కోసం. బన్ను పిండిని పొంగించే ఆ పొడి చారెడు దొరికితే చాలు, రేపటి గండం గట్టెక్కుతుంది.

ఒక అర మొత్తం కేకు పొడులే. నీళ్లు పోసి కలిపితే చాలట, గుడ్డు కూడా అక్కర్లేదట. డబ్బా మీద ఒక తల్లీ పిల్లా పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతున్నారు. పక్కన రంగురంగుల చక్కెర పూసలు, క్రీము డబ్బాలు. ఉత్త మైదా మాత్రం అట్టడుగు అరలో రెండు ప్యాకెట్లు ఉన్నాయి, ఈస్టు అసలే లేదు. అన్నీ కలిపేసి అమ్మితే వీళ్లకి లాభం. విడివిడిగా అమ్మితే కొనేవాళ్లకి వంటొచ్చేస్తుంది, ఆ ప్రమాదం ఎవరు తెచ్చిపెట్టుకుంటారు?

సరుకు సర్దుతున్న అమ్మాయిని అడిగింది. "ఏమ్మా, ఈస్టు లేదా?"

"ఈస్టా? పోయినేడాది పెట్టామండీ. ఎవరూ కొనలేదు. డేటు దాటిపోయాక డీలరుకి వాపసు పంపేశాం. కేక్ మిక్స్ తీసుకోండి, రెండు కొంటే ఒకటి ఫ్రీ."

"నాకు కేకు కాదమ్మా, బన్నులు కావాలి."

"బన్నులు అటు పక్కన ఉన్నాయండీ, ప్యాకెట్లు," అని ఆ అమ్మాయి ఎంతో సాయం చేసినదానిలా చెయ్యి చూపించింది.

పెద్దకోడలు బయటికొచ్చేసింది. ఆ పిల్లని అని ఏం లాభం?

రెండేళ్ల క్రితం వరకూ ఆమె బట్టల ఫ్యాక్టరీలో ఇస్త్రీ పనికి వెళ్లేది. రోజంతా ఆవిరి మధ్య నిలబడి నిలబడి పిక్కల మీద నరాలు తాళ్లలా ఉబ్బాయి. డాక్టరు నిలబడొద్దన్నాడు. కూర్చుని ఇస్త్రీ చేసే ఉద్యోగం ఎక్కడుందో మాత్రం చెప్పలేదు. పాత ఓవెన్ ఒకటి చవగ్గా దొరికితే కొనుక్కుని ఇంట్లోనే బన్నులు చేసి టీ కొట్లకు వెయ్యడం మొదలుపెట్టింది. నాలుగు కొట్లతో ఇల్లు గడవదు. ఇప్పుడు ఆసుపత్రి క్యాంటీన్ మేనేజరు రేపు పొద్దున రుచి చూస్తానన్నాడు. నచ్చితే రోజూ రెండొందల బన్నులు. నచ్చకపోతే మళ్లీ ఇస్త్రీ గదే. వ్యాను నడిపే మొగుడు నిన్ననే మెల్లగా అడిగాడు, ఫ్యాక్టరీలో ఖాళీ ఉందేమో కనుక్కోనా అని.

రేపు రుచి చూడబోయేది ఆమె బన్నులొక్కటే కాదు. తోడికోడలివి కూడా. చిన్నకోడలు అదే ఇంట్లో వెనక వాటాలో ఉంటుంది, ఆమెకూ ఓవెన్ ఉంది. ఇద్దరూ ఒకే పంపు దగ్గర నీళ్లు పట్టుకుంటారు, ఒకే తీగ మీద బట్టలు ఆరేసుకుంటారు. పాలు ఎంత పొయ్యాలి, ఎంతసేపు కాల్చాలి, అన్నీ చెప్పుకుంటారు. సరుకు ఎక్కడ కొన్నదీ మాత్రం చెప్పుకోరు. ఇళ్లల్లో కాల్చి అమ్ముకునే ఆడవాళ్లందరికీ అదొక కట్టుబాటు. చెప్పిన మర్నాడే కొట్లో సరుకు అయిపోతుందని భయం. పొరపాటున అడిగితే "సూపర్ మార్కెట్లో" అనే అబద్ధం అందరి నాలిక చివరా సిద్ధంగా ఉంటుంది.

వారం రోజులుగా పెద్దకోడలి పిండి పొంగడం లేదు. ఈస్టు కలిపిన నీళ్లలో నురగ రాకపోతే నీళ్లు చల్లగా ఉన్నాయేమో అనుకుంది. మర్నాడు మరీ వేడెక్కాయేమో అనుకుంది. ఆ తర్వాత తన చేతి మీదే అనుమానమొచ్చింది. తప్పు తనలోనే వెతుక్కోవడం అలవాటైన మనిషికి కారణాలకు కొదవుండదు. గట్టిపడిన బన్నులు పాలావిడ గేదెకి పెట్టి, ఎవరికీ చెప్పకుండా ఊరుకుంది. చేసి చూసి ఉన్న ఈస్టూ అయిపోయింది, ఈసారి వేరే కొట్లో కొని చూద్దామనుకుంది.

అత్తగారు మాత్రం రెండు వాటాల బన్నులూ రుచి చూసి తీర్పు చెప్పేసింది. "పెద్దదాని బన్నుకి నా పన్ను కదిలింది. చిన్నదాని బన్నుకి అది ఊడింది. చిన్నదే గెలిచింది."

చిన్నదాని బన్ను కూడా రాయేనని తెలిసి పెద్దకోడలు లోలోపల సంతోషించింది. తర్వాత సిగ్గుపడిందనుకోండి. ముందు మాత్రం సంతోషించింది.

సూపర్ మార్కెట్ కాదంటే ఇక మిగిలింది హోల్‌సేల్ బజారు. అక్కడ ముందు తలుపున వెళితే యజమాని తల కూడా ఎత్తడు. "పెట్టె అయితే ఇస్తాం. విప్పి ఇవ్వం. ఇళ్లవాళ్లకి అమ్మం." పెట్టెడు ఈస్టు ఒక్క ఇంటికి ఏడాదైనా అవదు, ఈలోగా చచ్చిపోతుంది. అందుకని ఆమె వెనక తలుపు వెతుక్కుంది. యజమాని భోజనానికి వెళ్లాక వెనక సందులోంచి రావాలి. ఒంటరిగా రావాలి. సంచి మీద తువ్వాలు కప్పుకోవాలి. గోదాము గుమాస్తా కాగితం పొట్లంలో కట్టి ఇస్తాడు. ధర బయటిదానికి రెట్టింపు. ఇస్తూ ప్రతిసారీ గొంతు తగ్గించి అంటాడు. "మీ ఒక్కరికే అమ్మా. ఇంకోళ్లకి తెలిస్తే నా ఉద్యోగం పోతుంది."

ఆ మాట ఆమెకు నచ్చేది. బజారులో అందరూ విసుక్కునేవాళ్లే, ఒక్కడైనా తనను మనిషిగా లెక్కేశాడనిపించేది. రెట్టింపు ధర ఇచ్చి కూడా దండం పెట్టి వచ్చేది.

ఈసారి మొహమాటపడకుండా మంచి ఈస్టే అడిగి తేవాలనుకుంటూ సందు మలుపు తిరిగింది. ఎదురుగా, సంచి మీద తువ్వాలు కప్పుకుని, గోదాము గుమ్మం దిగుతోంది చిన్నకోడలు.

ఇద్దరూ కొయ్యబారిపోయారు.

"నువ్వా అక్కా! నేను... సబ్బులకొచ్చాను," అంది చిన్నకోడలు.

"నేను చీపుళ్లకి," అంది పెద్దకోడలు.

అది సబ్బుల కొట్టూ కాదు, చీపుళ్ల కొట్టూ కాదు. గుమ్మం పక్కన మైదా బస్తాలు గుట్టగా ఉన్నాయి. ఇద్దరూ వాటినే చూస్తూ నిలబడ్డారు. ఇంతలో సందు అటు చివర నుంచి కళ్లజోడు పెట్టుకున్న ఒక పెద్దావిడ వచ్చింది. ఆమె సంచి మీదా తువ్వాలే. వీళ్లను చూసి గతుక్కుమని వెనక్కి తిరగబోయింది.

చిన్నకోడలు నవ్వో ఏడుపో తెలియని గొంతుతో అంది. "రండి పిన్నిగారూ, సిగ్గుపడకండి. మీ ఒక్కరికేగా ఇస్తానన్నాడు?"

పెద్దావిడ కళ్లజోడు తీసి తుడుచుకుంది. "అవునమ్మా. నేను రొట్టెలు కాలుస్తాను. ఈ మధ్య ఒక్క రొట్టే లేవడం లేదు. వయసైపోయింది, చెయ్యి పాడైందనుకుంటున్నాను."

పెద్దకోడలు ఒక అడుగు ముందుకేసింది. "మీ చెయ్యి కూడానా?"

చిన్నకోడలు చేతులు వెనక్కి పెట్టుకుంది. వారం నుంచి వెనక వాటాలో రాత్రయ్యేదాకా ఓవెన్ ఎందుకు మండుతోందో పెద్దకోడలికి అప్పుడర్థమైంది. ఇంట్లో మధ్యగోడకి అటొకరూ ఇటొకరూ ఒకే ఏడుపు ఏడ్చారన్నమాట, ఒకరికి వినపడకుండా ఒకరు.

"నీ పొట్లం ఇలా ఇయ్యి," అంది.

సందు మొదట్లో టీ కొట్టు ఉంది. గోరువెచ్చటి నీళ్లు గాజుగ్లాసులో పోయించి పంచదార వేయించింది. చిన్నకోడలు అప్పుడే కొన్న పొట్లం విప్పి సగం అందులో కలిపింది. ముగ్గురూ గ్లాసు చుట్టూ నిలబడ్డారు. టీ కొట్టువాడు రెండు వాయిలు టీ కాచి పోశాడు. ప్రాణమున్న ఈస్టయితే ఈపాటికి నురగ గ్లాసు అంచు దాటేది. ఇక్కడ పొడి అడుక్కి దిగి బురదలా కూర్చుంది. ఒక్క బుడగ లేవలేదు.

డేటు దాటిపోయాక డీలరుకి వాపసు పంపేశాం. ఆ సూపర్ మార్కెట్ పిల్ల మాట పెద్దకోడలి చెవుల్లో గింగురుమంది. ఊళ్లో కొట్లన్నిటికీ డీలరు ఈ గోదాము యజమానే. పెద్ద కొట్టు అర మీద ఎవరూ కొనక చచ్చిన సరుకు, కాగితం పొట్లాల్లోకి మారి, వెనక గుమ్మంలోంచి, రెట్టింపు ధరకి, తమ సంచుల్లోకి వచ్చింది. పైగా తువ్వాలు కప్పుకుని మరీ మోసుకెళ్లారు. గుమాస్తా మీద ఎంత కోపమో, ఎవరికీ చెప్పని తమ నోళ్ల మీదా అంతే.

గ్లాసు పట్టుకుని గుమ్మంలోకి వెళ్లింది. మిగతా ఇద్దరూ వెనకే వెళ్లారు. ముగ్గుర్నీ కలిపి చూడగానే గుమాస్తా మొహంలో రంగు మారింది.

"ఇది చచ్చిన సరుకు. మాకు వారం నుంచి ఇదే అంటగడుతున్నారు," అంది పెద్దకోడలు.

"గట్టిగా అరవకండమ్మా. నేనేం గ్యారంటీ ఇచ్చానా? ముందు తలుపున అడగండి, ఎవరిస్తారో చూద్దాం."

"మా డబ్బులు తీసుకునేటప్పుడు ఈ మాట చెప్పలేదే?" అంది పెద్దావిడ.

గుమాస్తా లోపలికి వెళ్లి ఒక రేకు ప్యాకెట్‌తో వచ్చాడు. సీలు విప్పలేదు. బేకరీలకు వెళ్లే సరుకు, తేదీ కూడా స్పష్టంగా ఉంది. పెద్దకోడల్ని గుమ్మం పక్కకి పిలిచాడు. గొంతు తగ్గించాడు.

"రేపు మీకేదో పెద్ద ఆర్డరుందన్నారుగా. ఇది తాజాది. ఒకటే ఉంది. డబ్బులు కూడా వద్దు. వాళ్లను తీసుకుని వెళ్లిపోండి చాలు. మీ ఒక్కరికే."

ప్యాకెట్ అతని అరచేతిలో ఉంది. ఇంట్లో మైదా జల్లించి పెట్టే వచ్చింది. ఇది కలిపితే పిండి పొంగుతుంది, రేపు మేనేజరు విరిచి చూస్తే దూదిలా విడుతుంది, చిన్నకోడలి బన్ను మాత్రం రాయిలాగే ఉంటుంది. రోజూ రెండొందలు. ఇస్త్రీ గది మొహం ఇక చూడక్కర్లేదు. ఆమె చెయ్యి నిజంగానే కొంచెం లేచింది.

చిన్నకోడలు అంతా విన్నది. అక్క తీసుకోవడం చూడలేక మొహం బస్తాల వైపు తిప్పుకుంది.

ఆ తిప్పుకోవడం పెద్దకోడలికి తెలుసు. పంపు దగ్గర, బట్టల తీగ దగ్గర, ఎన్నిసార్లు తనూ అలాగే తిప్పుకుంది.

"నా ఒక్కదానికే అయితే నాకొద్దు," అంది.

"అదేంటమ్మా, ఇలాంటిది మళ్లీ దొరకదు!"

"వద్దన్నానుగా. ముందు తలుపు దగ్గర మీ యజమాని వచ్చేదాకా కూర్చుంటాం. పెట్టె అడుగుతాం. ముగ్గురం పంచుకుంటాం. ఇవ్వనంటే ఈ గ్లాసు వచ్చేపోయేవాళ్లకి చూపిస్తాం."

"ఇళ్లవాళ్లకి ఇవ్వరు. నా మాట వినండి, ఆయనొస్తే మీ పరువే పోతుంది," అంటూ గుమాస్తా వెనక గుమ్మం షట్టరు కిందికి లాగాడు.

అది కిందికి దిగుతుండగా చిన్నకోడలు గడప మీద కాలు పెట్టింది. షట్టరు మోకాలి ఎత్తులో ఆగింది.

"కాలు తియ్యండమ్మా," అన్నాడు లోపల్నుంచి గుమాస్తా.

ఆమె తియ్యలేదు. పెద్దకోడలు గ్లాసు పెద్దావిడ చేతికిచ్చి, పిన్నీసు పెట్టిన చెప్పుతో తన కాలు కూడా తెచ్చి, తోడికోడలి కాలి పక్కన ఆనించింది.