ఆకుల కుప్పలో కొడవలి

పొద్దున్నే ఇసుక బకెట్ ముందు గొంతుకూర్చుని ఉన్నాడు తోటమాలి. ఇసుకలో పాత నూనె కలిపి పెట్టుకుంటాడు. పనిముట్టును అందులో పొడిచి పొడిచి తీస్తే తుప్పు వదిలి అంచు తేలుతుంది. చేతిపార, గునపం, కొమ్మల కత్తెర, చిన్న రంపం, ఒక్కొక్కటే తుడిచి గోడ మేకులకు తగిలించాడు. కలుపు కొడవలి మేకు ఖాళీగా మిగిలింది.

సంచీ బోర్లించాడు. మట్టి తప్ప ఏమీ రాలలేదు.

పిరికివాడని ఆయనకు ఇంటా బయటా పేరు. తాడు చూసినా పామంటాడని భార్య ఎగతాళి చేసేది. ఎవరి పెరట్లోనైనా ఆకులు లాగే పళ్ళపార పళ్ళు పైకి పెట్టి పడి ఉంటే చాలు, అడక్కుండా లోపలికెళ్ళి బోర్లించి వచ్చేవాడు. చిన్నప్పుడు తమ్ముడు అలాంటి పళ్ళ మీదే కాలేశాడు. గాయం చిన్నదేనని పసుపద్ది ఊరుకున్నారు. వారం తిరక్కుండా వాడి దవడలు బిగుసుకుపోయాయి. చెంచాడు నీళ్ళు కూడా దిగక, ఒళ్ళు విల్లులా వంగిపోయి పోయాడు. అప్పటినుంచి ఈయనకు ఇనుమంటే హడలు. విధి చూడండి, బతుకంతా ఆ ఇనుముతోనే గడిచింది.

నిన్న మేడింటి తోటలో ఆకులు ఊడ్చాడు. ఊడ్చినవి వెంటనే ఎరువుగుంతలో వేయడు. ఒక రాత్రి కుప్పగానే ఉంచుతాడు. ఆ ఇంటి పాపకు లేవగానే అందులోకి దూకడమంటే ప్రాణం. ఈసారి ఇంకా పెద్దది చెయ్యమని పురమాయించింది కూడా. కుప్ప సగమయ్యాక, తీగలు కోస్తున్న కొడవలిని దాని మీద పెట్టి, పూలకుండీ జరపాలని పాప తల్లి పిలిస్తే వెళ్ళాడు. తిరిగొచ్చి పళ్ళపార అందుకున్నాడు. మిగతా ఆకులన్నీ దాని మీదికే లాగాడు. గడ్డిలో కనబడాలని పిడికి ఎర్రగుడ్డ చుట్టుకున్నాడు గానీ, అంత కుప్ప కింద ఏ రంగైతే ఏం?

మేడింటికి ఫోను చేసి చూడమంది భార్య. చేశాడు. మోగి మోగి ఆగిపోయింది.

"నువ్వు కూర్చో, నేను వెళ్ళొస్తా," అందామె. ఈసారి ఆమె ఎగతాళి చేయలేదు.

ఆయన అప్పటికే వీధిలో ఉన్నాడు. పరుగెత్తి ఎన్నేళ్ళయిందో. పాప ఎప్పుడూ చేతులు చాచి, మొహం ముందుకు పెట్టి దూకుతుంది. ఆ మొహమే కళ్ళముందు కదులుతోంది. తన గురించి తాను ఆయన ఎన్నో భయాలు పడ్డాడు గానీ, ఇలాంటిది ఎన్నడూ పడలేదు. ఎడమ భుజం లాగుతోంది. లాగితే లాగనీ అనుకున్నాడు.

గేటు తోసేసరికి పాప మెట్ల మీద ఉంది, రాత్రి గౌనులో, వట్టి కాళ్ళతో. అరవబోయాడు. ఊపిరి అందలేదు. పాప పరుగందుకుంది. ఆయన అడ్డంగా వెళ్ళి, చేతులు బార్లా చాపి, కుప్ప మీద బోర్లా పడ్డాడు.

పాప ఆగిపోయింది. ఫస్టు తను కదా దూకాల్సింది అని మూతి ముడిచింది.

ఆయన వేళ్ళు ఆకుల కింద వెతుకుతున్నాయి. తడి ఆకులు, పుల్లలు, ఆ తర్వాత గుడ్డ. పిడి దొరికింది. కొడవలిని రొమ్ము కిందికి లాక్కున్నాడు. అప్పటికి నొప్పి భుజం దాటి మెడకు, మెడ దాటి దవడకు పాకింది. దవడ బిగుసుకుంటుంటే తమ్ముడు గుర్తొచ్చాడు.

"చెప్పులేసుకుని రా, తల్లీ," అన్నాడు ఎలాగో. "అమ్మను కూడా పిలువు."

పాప సణుక్కుంటూ లోపలికి వెళ్ళింది. చెప్పులు దొరకడానికి కాస్త సేపు పట్టింది. తిరిగొచ్చి, ఈ ఆటలో తన వంతు ఎప్పుడొస్తుందా అని ఆయన పక్కనే నిలబడింది. తాత లేవలేదు. రెండు గుప్పిళ్ళ ఆకులు తీసి ఆయన వీపు మీద పోసింది. అయినా లేవలేదు.

తల్లి వచ్చి ఆయన్ను వెల్లకిలా తిప్పింది. కొడవలి పిడికిలిలోనే ఉంది, అంచు ఆయన వైపుకే తిరిగి. గాయమేమీ లేదు. ఊపిరీ లేదు.

ఇరుగుపొరుగు వచ్చారు, భార్య వచ్చింది, తీసుకెళ్ళారు. గేటు దగ్గర ఇటుకల మీద, పరుగులో జారిపోయిన రబ్బరు చెప్పు ఒకటి మిగిలింది. తెగిన పట్టీకి పిన్నీసు పెట్టి ఉంది, ఆ పిన్నీసు మొన ఎక్కడ గుచ్చుకుంటుందోనని దాని చుట్టూ గట్టిగా గుడ్డపేలిక చుట్టి ఉంది.