జాడీ మీద గీత

ఈస్టర్ వెళ్లిన వారమే ఎండుద్రాక్ష, చెర్రీలు తరిగి రమ్ములో నానబెడతాను. క్రిస్మస్ నల్ల కేకుకి అవి ఎనిమిది నెలలు ఊరాలి. గాజు జాడీ మీద రమ్ము మట్టానికి రంగుతో గీత గీస్తాను. మూత మీద గుడ్డ కప్పి ముడి వేస్తాను.

గీత ఎందుకంటే, ఈ ఇంట్లో ఒకప్పుడు ఆల్‌స్టన్ ఉండేవాడు. నా భర్త. పడవ మీంచి సముద్రంలో పడి చనిపోయాడు. ఏ రోజూ తూలగా ఎవరూ చూడని మనిషి. గ్వావ్ రేవు బయట పడవ దొరికినప్పుడు తాళ్లన్నీ చక్కగా చుట్టి ఉన్నాయి. వలల కింద మాత్రం అన్నీ ఖాళీ సీసాలే.

ఆ దాహం పిల్లల్లో ఎవరికి వచ్చిందోనని నా భయం. కెర్విన్‌కే అనుకున్నాను. ఇరవై ఏళ్లొచ్చినా తియ్యటి డబ్బాపాలు కనిపిస్తే అడుగు గీకేదాకా వదలడు. వాడి కవల జోసెట్ అలా కాదు, తన వాటా కొబ్బరి మిఠాయి వారం దాచుకుంటుంది. నిరుడు కేకు కలుపుతూ ఇద్దరికీ చెరో చెంచా ఊరిన పండు రుచి చూపించాను. వాడు మొహం చిట్లించి ఉమ్మేశాడు. అది కళ్లు మూసుకుని, చెంచా మెల్లగా నాకి, కడిగి, దాని చోట పెట్టింది. ఎంత పద్ధతైన పిల్ల అనుకున్నాను.

నవంబరులో జాడీ తీశాను. మట్టం సరిగ్గా గీత మీదే ఉంది. ముడి నేను వేసినట్టే ఉంది. మూత తిప్పగానే బుస్సుమంది. పుల్లటి వాసన. రమ్ములో ఊరిన పండు పులవదు. నీళ్లు కలిస్తేనే పులుస్తుంది.

"ఒరేయ్ కెర్విన్! మీ నాన్న బుద్ధులు మొదలెట్టావా?"

వాడు పకపకా నవ్వాడు. "భలేదానివమ్మా! నేనే తాగితే జాడీ ఎత్తేసి దాని పక్కనే పడి నిద్రపోతా. గీత దాకా కొలిచి నీళ్లు పోసి, మళ్లీ నీ ముడి వెయ్యడమా? అంత ఓపిక నాకెక్కడేడిసింది?"

మూత బల్ల మీద పెట్టి వెనక్కి తిరిగాను.

గుమ్మంలో జోసెట్ నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో.

"పాడైపోయాయా అమ్మా? పోనీలే, బాధపడకు. మళ్లీ నానబెడదాం. రమ్ము నేను తెస్తాలే."

మాట్లాడుతూనే మూత బిగించి గుడ్డ కప్పింది. కళ్లు నా మొహం మీదే ఉన్నాయి. వేళ్లు చూసుకోకుండానే నా ముడి వేశాయి.