నా కడుపులో సదయ్య ఇంజిన్

నేను ఒక మోటారు సైకిల్ని. పాతదాన్ని. ఈ రెండు ముక్కలూ ఖాయంగా చెప్పగలను. మూడో ముక్క దగ్గరే నాకు తికమక మొదలవుతుంది. ముందే చెప్పేస్తున్నాను, మధ్యలో నన్ను నిలదీస్తే నా దగ్గర జవాబు లేదు.

ఎక్కడో ఒక పొడవాటి షెడ్డులో పుట్టాను. ఒకరు చక్రాలు బిగించారు, ఒకరు ట్యాంకు ఎక్కించారు, ఇంకొకరు సీటు తొడిగారు. ఎవరి ముఖమూ గుర్తులేదు. ఉంటుందా మరి, హెడ్‌లైటు అన్నిటికన్నా చివర పెడితే! కళ్లు వచ్చి చూసేసరికి నా పక్కన అచ్చం నాలాంటిదే ఇంకొకటి ఉంది. అదే నలుపు, ట్యాంకు మీద అదే ఎర్ర గీత. కాసేపు అది నేనే అనుకున్నాను. తర్వాత దాన్ని జరిపితే నేను జరగలేదు, అప్పుడు తెలిసింది వేరే అని.

మా ఇద్దర్నీ ఒక సర్కారు ఆఫీసు కొన్నది. ఆఫీసు బండి అంటే అందరిదీ, తుడవాల్సి వచ్చినప్పుడు ఎవరిదీ కాదు. కొన్నేళ్లు తిప్పి తిప్పి మమ్మల్ని వేలం వేశారు. పరకాలలో పాత బండ్లు అమ్మే ఒక బ్రోకరు మా ఇద్దర్నీ పట్టుకొచ్చి, కడిగి, టైర్లకు నల్లరంగు పూసి, కొట్టు ముందు నిలబెట్టాడు.

"డాక్టర్ సారు బండి అన్నా! దవఖానకు, ఇంటికి తప్ప దీనికి ఇంకో తొవ్వ తెల్వది," అని వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు.

నేను ఏ డాక్టరునూ మోయలేదు. కానీ ఆయన రోజూ అంత గట్టిగా చెబుతుంటే, ఏమో, మోశానేమో, నేనే మరిచిపోయానేమో అని నాకే అనుమానం వచ్చింది. మనుషుల మధ్య ఉంటే ఇదే బాధ, మన సంగతి మనకన్నా వాళ్లకే బాగా తెలిసినట్టు మాట్లాడతారు.

నన్ను మొగిలి కొన్నాడు. నా కవలను అతని దోస్తు సదయ్య కొన్నాడు. ఇద్దరూ చిన్నప్పటి నుంచీ ఒక్క కంచంలో తిన్నవాళ్లు. ఒకేలాంటి బండ్లు కావాలని పట్టుబట్టి ఒకే రోజు కొన్నారు. కొబ్బరికాయ కొట్టి, పసుపు కుంకుమ పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించారు. ఆ నిమ్మకాయలు ఏం పాపం చేశాయో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

మొగిలిది ప్లాస్టిక్ బిందెల బేరం. బిందెలు, బకెట్లు, జల్లెడలు కట్టుకుని ఊరూరా తిరిగేవాడు. ఎదురుగా వచ్చేవాళ్లకు బండీ కనపడేది కాదు, మొగిలీ కనపడేవాడు కాదు, రంగురంగుల బిందెలు వాటంతటవే నడిచొస్తున్నట్టుండేది. సదయ్య కోళ్ల దాణా బస్తాలు వేసేవాడు. నడికుడ దారి చీలేదాకా ఇద్దరూ పక్కపక్కనే బండ్లు పోనిస్తూ, రోడ్డంతా తమదే అన్నట్టు ముచ్చట్లు పెట్టుకుంటూ పోయేవారు. వెనక లారీవాడు హారన్ కొడితే ఇద్దరూ కలిసి వాణ్నే తిట్టేవారు.

మొగిలికి నేనంటే ప్రాణం. తెల్లారితే చాలు, పాత లుంగీ గుడ్డ పట్టుకుని ట్యాంకు, అద్దాలు, మడ్‌గార్డు తళతళలాడేలా తుడిచేవాడు. కనపడేవన్నీ తుడిచేవాడు. అడుగున ఇంజిన్ చుట్టూ ఆయిలూ దుమ్మూ కలిసి రొట్టెలాగా పేరుకుపోయింది. అక్కడికి వంగితే నడుము పడుతుందేమో, ఒక్కనాడూ వంగలేదు. అయినా ఊళ్లో ఎవరన్నా కదిలిస్తే, "నా బండంత సాఫ్‌గ పరకాల మొత్తంల ఉన్నదా?" అనేవాడు.

అతనికి కిక్కు కొట్టే పద్ధతి ఒకటుండేది. తాళం తిప్పకుండా మూడు ఉత్త కిక్కులు. తర్వాత ట్యాంకుకు దండం. తర్వాత తాళం తిప్పి అసలు కిక్కు. సదయ్యకు ఈ పూజలేవీ లేవు. చోక్ లాగి, బండిని ఎడమకు వంచి, ఒకటే తన్ను. మేమిద్దరం ఎవరి పద్ధతికి వాళ్లం అలవాటు పడిపోయాం.

మొగిలికి ఉన్న ఒకే ఒక జబ్బు పెట్రోలు. ట్యాంకు నింపితే తన పీక నొక్కినట్టే. నీళ్ల సీసాలో కాస్త తెచ్చి పోసేవాడు. బయలుదేరే ముందు మూత తీసి, నన్ను అటూ ఇటూ ఊపి, చెవి పెట్టి వినేవాడు. గలగలమని ఏదో ఒక చప్పుడు వస్తే చాలు, పద. సగం దారిలో నేను దగ్గి ఆగిపోయేదాన్ని.

"మల్లా అయిపాయెనా?" అని సదయ్య అరిచేవాడు.

"మల్ల అడుగుడెందుకురా, కాలు పెట్టు."

సదయ్య వెనకగా వచ్చి, నా వెనక ఫుట్‌రెస్ట్ మీద తన చెప్పు కాలు ఆనించి తోసేవాడు. అతని బండి ఉరుకుతుంటే నేను చప్పుడు లేకుండా ముందుకు జారేదాన్ని. అలా బంకు దాకా. అతని చెప్పు ఒరిపిడికి ఆ ఫుట్‌రెస్ట్ రబ్బరు ఒక వైపు అరిగి నున్నగా అయిపోయింది. బంకు దగ్గర చాయ్ హోటల్లో ఇద్దరూ కలిసి వన్ బై టూ తాగేవారు. నాకన్నీ బాగా తెలిసిన రోజులు అవే.

తర్వాత మేడారం జాతర వచ్చింది. అంత దూరం పోవాలంటే బండ్లు గట్టిగా ఉండాలని ఇద్దరూ మమ్మల్ని లతీఫ్ ఉస్తాద్ షెడ్డులో ఫుల్ ఇంజిన్ పనికి వేశారు. జాతర రష్షు, షెడ్డు నిండా బండ్లు. లతీఫ్ నమాజుకు పోయినప్పుడు అతని తమ్ముడు మా ఇద్దరి ఇంజిన్లూ దింపి పక్కపక్కన గోనెసంచి మీద పెట్టాడు.

ఇంజిన్ లేకుండా నిలబడటం ఎట్లుంటుందో మీకు చెప్పలేను. కడుపున్న చోట గాలి వీస్తోంది. కింద పెట్టిన ఆ ముద్ద నేనా, పైన నిలబడ్డ ఈ ఇనుప కడ్డీలు నేనా? ఎంత ఆలోచించినా తెగలేదు.

పనంతా అయ్యాక లతీఫ్ అడిగాడు. "మొగిలన్నా, రెండూ ఒక్క తీరుగనే ఉన్నయ్. నీదేది?"

ఇంజిన్ మీద నంబరు కొట్టి ఉంటుంది. వంగి చూస్తే సరిపోయేది. మొగిలి వంగలేదు. ఒక ఇంజిన్ డీజిల్‌తో కడిగి మెరుస్తోంది, ఇంకొకదానికి ఇంకా పక్కల నల్లటి మురికి అంటుకుని ఉంది. మొగిలి మెరిసేదాన్ని చూపించి, "గీ సాఫ్‌గున్నదే నాది. నా బండి నాకు తెల్వదా?" అన్నాడు. పక్కనే ఉన్న సదయ్య కూడా తలూపాడు. లతీఫ్ బిగించేశాడు.

ఆనాటి నుంచి నా కడుపులో ఎవరో ఉన్నారు.

మర్నాడు మొగిలి మూడు ఉత్త కిక్కులు కొట్టి, దండం పెట్టి, అసలు కిక్కు కొట్టాడు. నేను లేవలేదు. లేవాలనే ఉంది, లోపలున్నదే లేవనంటోంది. ఇరవై తన్నులు తన్ని చెమటలు కక్కుతుంటే సదయ్య వచ్చాడు, "జరుగు" అని నన్ను ఎడమకు వంచి ఒక్కటి తన్నాడు. బుర్రుమని లేచాను. నాకే సిగ్గేసింది. మూడో రోజూ అదే, నాలుగో రోజూ అదే. పైగా నేను పొగ కక్కడం మొదలుపెట్టాను. అంతకుముందు దాకా పొగ కక్కిన సదయ్య బండి మాత్రం సాఫ్ అయిపోయింది.

జాతర నుంచి వచ్చాక చాయ్ హోటల్ ముందు మొగిలి బయటపడ్డాడు.

"నా బండి నా మాట ఇనది, నీ మాట ఇంటది. ఏం జేసినవ్‌రా దీనికి?"

"నేనేం జేస్తరా? తన్నుడు రావాలె," అని సదయ్య నవ్వాడు.

"నవ్వకు. నీ బండికి పొగ బందయింది, నా బండికి షురువైంది. లతీఫ్‌ను మంచి జేసుకుని నా ఇంజిన్ల రింగులు నీ దాంట్ల ఏయించుకున్నవ్."

సదయ్య నవ్వు ఆపి అతని ముఖంలోకి చూశాడు. "నన్ను దొంగ అంటానవా, మొగిలీ?"

"అంటాన."

సదయ్య లేచి వెళ్లిపోయాడు. వన్ బై టూ చాయ్‌లో అతని గ్లాసు అట్లాగే ఉండిపోయింది. నాకు నోరుంటే ఏం చెప్పేదాన్నో నాకే తెలియదు. రింగులు పోయాయా? ఏమో. ఏదో పోయిందని మాత్రం నాకు తెలుసు. మొగిలి చూపించింది తప్పో ఒప్పో తేల్చుకోవడానికి నేను నా కడుపులోకి చూసుకోలేను కదా!

నాలుగేళ్లు మాటల్లేవు. మొగిలి భార్య రేణుక ఎన్నిసార్లో చెప్పి చూసింది. "ఇనుప ముక్కల కోసం మనిషిని వదులుకుంటరా? పోయి మాట్లాడు రాదయ్యా!" అంటే అతను వినపడనట్టు బిందెలు కట్టుకునేవాడు. కానీ హోటల్‌కు పోతే అలవాటు కొద్దీ "వన్ బై టూ" అనేవాడు. హోటలతను రెండు గ్లాసుల్లో పోసి తెచ్చేవాడు. మొగిలి రెండూ తనే తాగి లేచేవాడు.

ఇక నా గోడు వినండి. సదయ్య బండి ఎదురొస్తే నా గొంతు నాకే వినపడేది! ఆ డుగ్‌డుగ్ నాది. నేను రోడ్డుకు ఈ పక్కన పోతుంటే ఆ పక్క నుంచి నేనే వస్తున్నాను. ఇద్దరు మనుషులూ తలలు చెరో వైపు తిప్పుకునేవారు. ఎవరు ఎవర్ని దాటిపోతున్నారో నాకు అర్థమయ్యేది కాదు.

ఒక ఎండాకాలం నడికుడ దారిలో పెట్రోలు అయిపోయింది. మొగిలి బిందెలతో సహా నన్ను నెట్టుకుంటూ పోతున్నాడు. వెనక నుంచి నా గొంతు వినపడింది. సదయ్య దగ్గరికొచ్చి స్లో చేశాడు. అతని కాలు పైకి లేచింది. నా ఫుట్‌రెస్ట్‌కు జానెడు దూరంలో గాలిలో కాసేపు ఆగింది. మొగిలి తల తిప్పలేదు. ఆ కాలు వెనక్కి పోయింది, బండీ పోయింది.

"పోరా, పో," అన్నాడు మొగిలి. తర్వాత తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. ఎండకే అయ్యుండాలి, లేదంటే ఏడ్చాడేమో, నేను ముందుకు చూస్తున్నాను కాబట్టి చెప్పలేను.

పదిహేనేళ్లు నిండిన బండ్లకు మళ్లీ రిజిస్ట్రేషన్ చేయించాలి. మొగిలి నన్ను రవాణా ఆఫీసుకు తీసుకెళ్లాడు. అక్కడ ఛాసిస్ నంబరు మీద, ఇంజిన్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలు రుద్ది అచ్చు తీస్తారు. సారు ఆ అచ్చు చూసి కనుబొమలు ముడిచాడు.

"ఈ ఇంజిన్ ఈ బండిది కాదు. ఎక్కడ దొరికిందయ్యా నీకు? ఇది తేలేదాకా బండి రోడ్డు మీద కనపడకూడదు. దొంగ ఇంజినైతే కేసవుతుంది."

మేమిద్దరం ఒకే రోజు పుట్టినవాళ్లం కదా, నా కవలకూ అదే గడువు. అదే లైనులో వెనక సదయ్య ఉన్నాడు. అతని బండి అచ్చూ తీశారు. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూస్తే, అందులో ఉన్నది నా ఇంజిన్.

"చూసిన్రా!" అని మొగిలి ఆఫీసంతా వినపడేలా అరిచాడు. "రింగులే అనుకున్న, మొత్తం ఇంజినే లేపిండు! నే జెప్పలే, దొంగ అని!"

అందరూ సదయ్య వైపు తిరిగారు. అతను ఆ కాగితాలు చేతిలోకి తీసుకుని చూశాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "మొగిలీ, జర యాది జేస్కో. 'గీ సాఫ్‌గున్నదే నాది, నా బండి నాకు తెల్వదా' అన్నదెవడు?"

మొగిలి ఎత్తిన చెయ్యి దించాడు.

"నువ్వు పక్కనే ఉన్నవ్ గదా. మరి నువ్వెందుకు చెప్పలే?" అన్నాడు. గొంతులో జోరు లేదు.

"నాకేమెరుకరా? నువ్వు నీ బండిని తుడిచినంత మా అవ్వ నన్ను తుడ్వలే. నువ్వే గుర్తు పట్టినవంటే ఇగ అయిపాయె అనుకున్న."

మొగిలి నా పక్కన నేల మీద కూలబడ్డాడు. మొదటిసారి నా అడుగు భాగం అతని కళ్లకు ఎదురుగా వచ్చింది. పేరుకున్న ఆ మురికిని గోటితో గీకాడు.

"నలుగుర్ల నిన్ను దొంగ అన్న," అన్నాడు.

"అన్నవ్. ఇయ్యాల గూడ అన్నవ్." సదయ్య ముఖం ఏమీ మెత్తబడలేదు. "లే. సారు ఇంజిన్లు మార్పిచ్చుకొని రమ్మంటాండు, ముందుగాల లతీఫ్ దగ్గరికి పోదాం."

లతీఫ్ ఇంజిన్ నంబర్లు చూసి తల పట్టుకున్నాడు. రెండు ఇంజిన్లూ మళ్లీ దింపాడు. మళ్లీ నా కడుపులో గాలి. ఇంతకీ ఇన్నేళ్లూ మొగిలిని మోసింది నేనా, సదయ్య బస్తాలు మోసింది నేనా? మీకు ఈ కథ చెబుతున్నది ఏ ముక్క? అడగొద్దని మొదట్లోనే చెప్పాను.

బిగించాక మొగిలి మూడు ఉత్త కిక్కులు కొట్టి, దండం పెట్టి, అసలు కిక్కు కొట్టాడు. నేను లేవలేదు. మళ్లీ కొట్టాడు. లేవలేదు. అతను సదయ్య వైపు దొంగచూపులు చూశాడు. సదయ్య వచ్చి, చోక్ లాగి, నన్ను ఎడమకు వంచి ఒక్కటి తన్నాడు. బుర్రుమన్నాను.

"గిది గూడ నీ మాటే ఇంటాందిరా," అన్నాడు మొగిలి.

"నాలుగేండ్లు నా తన్నులు తిన్నది మరి," అని సదయ్య తన బండెక్కాడు. నవ్వలేదు. ముందు సాగిపోయాడు.

మొగిలి బయలుదేరే ముందు ట్యాంకు మూత తీశాడు. నన్ను అటూ ఇటూ ఊపి చెవి పెట్టాడు. లతీఫ్ పెట్రోలంతా వంపేసి, నన్ను స్టార్ట్ చేయడానికి గరిటెడు పోశాడు. చప్పుడేమీ రాలేదు. అతను వినలేదా? విన్నాడు. నాకు తెలుసు, చెవి చాలాసేపు అక్కడే పెట్టాడు. అయినా మూత బిగించి బయలుదేరాడు. బంకు ముందు నుంచే పోయాం. మనిషి ఆపలేదు! ఈయనకు మతి పోయిందా అనుకున్నాను. సదయ్యను దాటుకుని ముందుకు పోయాక, దారి చీలక ముందే, నేను దగ్గి ఆగిపోయాను.

మొగిలి దిగలేదు. నెట్టలేదు. హ్యాండిల్ పట్టుకుని వెనక్కి చూడకుండా అట్లాగే కూర్చున్నాడు. వెనక నుంచి బండి చప్పుడు దగ్గరైంది. స్లో అయింది. చాలాసేపు ఏమీ జరగలేదు.

"మల్లా అయిపాయెనా?"

"కాలు పెట్టురా, సదీ," అన్నాడు మొగిలి.

నా ఇంజిన్ ఏదో, నా గొంతు ఏదో, నేనెవరో నాకిప్పటికీ తేలలేదు. కానీ వెనక ఫుట్‌రెస్ట్ మీద, రబ్బరు అరిగిన చోటనే, ఒక చెప్పు కాలు వచ్చి ఆనింది. ఆ కాలు మాత్రం నాకు బాగా తెలుసు.