చోటు లేదన్నాను

రోజూ సాయంత్రం అయిదింటికి మా బరంపురం ఇంటి ముందు గదిలో స్పోకెన్ ఇంగ్లీషు చెబుతాను. వచ్చేవాళ్ళంతా పెళ్ళయిన ఆడవాళ్ళే. ఆ గంటన్నరా వంటింటి పని నా తోడికోడలు ఈశ్వరిది. మరిది సూరత్ మిల్లులో ఉంటాడు. "మా శ్యామల ఇంటినీ క్లాసునీ ఒంటి చేత్తో నడిపేస్తుంది" అని మా ఆయన నలుగురిలో అన్నప్పుడు నేను ఒక్కసారైనా కాదనలేదు.

నిన్న ఇంగ్లీషు జాతీయాలు చెబుతున్నాను. 'వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్' అంటే ఎప్పుడో గానీ జరగనిదని చెప్పి, మీ ఇంటి సంగతితో ఒక వాక్యం చెప్పమన్నాను. సస్మిత అనే ఒడియా అమ్మాయి తడుముకుంటోంది. టీ తెచ్చిన ఈశ్వరి, పళ్ళెం చేతిలో ఉండగానే, "ఐ సిట్ వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్" అంది.

అందరూ గొల్లున నవ్వారు. ఆ వాక్యంలో తప్పేమీ లేదు. ఆ మాట నేను చెప్పాలి. చెప్పకుండా నేనూ నవ్వాను.

క్లాసయ్యాక ఈశ్వరి అత్తగారి ముందే అడిగింది. "అక్కా, రేపట్నుంచి నన్నూ కూకోనీ. బట్టల షాపులో ఇంగిలీసు రెండు ముక్కలొస్తే కౌంటరు పనిస్తారట."

"నువ్వక్కడ కూకుంటే కూడెవులొండుతారే?" అని అత్తగారు నావైపు తిరిగారు. "ఏటంతావు శ్యామలా?"

ఆవిడ నన్నే అడిగారు. కాదన్నది నేను. "ఈ బ్యాచిలో చోటు లేదత్తయ్యా" అన్నాను. పెళ్ళయిన కొత్తలో ఉద్యోగానికి వెళ్తానంటే ఈ కూడు మాటే నాకూ అడ్డం పెట్టారు. వారం రోజులు ఏడ్చాను. నిన్న మాత్రం ఆవిడకు ఆ శ్రమ కూడా లేకుండా చేశాను. రాత్రి అన్నానికి కూర్చున్నాను. ఆ అన్నమూ ఈశ్వరి వండిందే.

ఇవాళ క్లాసు వేళకి వంటింట్లోకి వెళ్ళాను. బెండకాయలు తరుగుతోంది.

"నిన్న అబద్ధం చెప్పానే. చోటుంది. వంట నా మీద పడుతుందని భయపడ్డాను."

ఈశ్వరి తలెత్తలేదు. "తెలుసక్కా. ఆ గది రోజూ ఊడిసేది నేనే కదేటి? కుర్సీలెన్నున్నాయో నాకు తెల్దా?"

ముందు గదిలోంచి సస్మిత "దీదీ" అని పిలిచింది. కత్తిపీట నా ముందుకు లాక్కున్నాను.

"కాసేపు కూర్చోండమ్మా. వంటయ్యాక ఇద్దరం వస్తాం" అన్నాను, అత్తగారికి కూడా వినపడేలా.